దగ్గరికెళ్లి కొట్టేవాడి లెక్కలు

కవాడిగూడ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. పేరు వద్దన్నాడు కాబట్టి తమ్ముడనే పిలుచుకుందాం.

"అన్నా, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. ఉండేది కవాడిగూడ హాస్టల్లో, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో. రాత్రి పది దాటాక ఒక గంట ఫోన్లో గేమ్ ఆడుకుంటాం, నలుగురం. ఈసారి డయాబ్లో ఇమ్మోర్టల్ మొదలెట్టాం. ఒకడు విజార్డ్, ఒకడు డీమన్ హంటర్, ఇంకొకడు నెక్రోమ్యాన్సర్ తీసేసుకున్నారు. అందరూ దూరం నుంచి కొట్టేవాళ్లే. 'ముందు నిలబడి కొట్టేవాడు ఒకడుండాలి కదరా, అది నువ్వు తీస్కో' అని నా మీద తోసేశారు. మెలీలో ఏది తీసుకోవాలి? తప్పు తీసుకుంటే మళ్లీ మొదట్నుంచి ఆడేంత టైం నాకు లేదు."

దీనికి ఎవర్నడిగినా వచ్చే జవాబు ఒకటే: "నీకు నచ్చింది తీస్కో బ్రో". చెప్పడానికి బాగానే ఉంటుంది. కానీ నచ్చిందో లేదో తెలియాలంటే ముందు ముప్పై నలభై గంటలు ఆడాలి. రోజుకు గంట లెక్కన అది నెల పైమాటే. నెల పోయాక "నాకిది నచ్చలేదు" అని తెలిస్తే ఏం లాభం? అందుకే నచ్చడం అనే మాటని కాసేపు పక్కన పెట్టి, మెలీ ఆడేవాడికి అసలు ఏం జరుగుతుందో చూద్దాం.

ముందు ఆ పేరు సంగతి. మెలీ, మెలే, మీలీ... మనవాళ్లు ఎన్ని రకాలుగానో పలుకుతారు. దాని మీద కొట్టుకోవద్దు. ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాట, అర్థం దాదాపుగా మన 'కుమ్ములాట'. గుంపులోకి దూరి చేతికందినవాణ్ని కొట్టడం. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కాగితం-పెన్సిల్ ఆటలో మొదట ఉన్నవి మూడే క్లాసులు: కత్తి పట్టేవాడు, మంత్రాలేసేవాడు, దేవుడి పేరు చెప్పి వైద్యం చేసేవాడు. యాభై ఏళ్లు గడిచినా ఇప్పుడు మన ఫోన్లలో కనిపించేవన్నీ ఆ ముగ్గురి పిల్లలూ మనవలే.

ఇక దూరం లెక్క. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఉదాహరణ తీసుకుందాం. 2004 నవంబర్‌లో వచ్చిన ఆట, ఇప్పటికీ ఈ లెక్కలన్నిటికీ పాఠ్యపుస్తకం అదే. అందులో మామూలుగా కత్తి అందే దూరం 5 గజాలు. మంత్రగాడి మెరుపులు 40 గజాల దాకా వెళ్తాయి. అంటే రాక్షసుడు ఇరవై గజాలు అటు జరిగితే మంత్రగాడు నిలబడ్డ చోటే నిలబడి కొడుతుంటాడు. కత్తివాడు మాత్రం పరుగెత్తాలి. ఆ పరుగెత్తినంతసేపూ అతను చేసే డ్యామేజ్ సున్నా.

చిన్న లెక్క వేద్దాం. మీ కత్తివాడు సెకనుకు వెయ్యి పాయింట్లు కొడతాడనుకోండి. పక్కన విజార్డ్ తొమ్మిది వందలే. కాగితం మీద మీరే గొప్ప. ఫైట్ వంద సెకన్లు నడిచింది. అందులో బాస్ గెంతిన గెంతులకి, నేల మీద వేసిన మంటలకి మీరు ఇరవై ఐదు సెకన్లు దూరంగా ఉండాల్సి వచ్చింది. మీ మొత్తం డెబ్భై ఐదు వేలు. విజార్డ్ పది సెకన్లు మాత్రమే కదిలాడు, ఎనభై ఒక్క వేలు. చివర్లో వచ్చే లిస్టులో పైన ఎవరుంటారు? దీన్నే గేమర్లు 'అప్‌టైమ్' అంటారు. మెలీ ఎంచుకునేటప్పుడు "ఏది ఎక్కువ కొడుతుంది" అన్న ప్రశ్నకి రెండో స్థానమే. "ఏది త్వరగా మళ్లీ దగ్గరికి చేరుతుంది" అన్నది మొదటి ప్రశ్న. గెంతు ఉందా, దూకుడు ఉందా, గుర్రం ఉందా, శత్రువుని గొలుసేసి లాక్కొచ్చే ఏర్పాటు ఉందా? ఇవి చూడండి ముందు. వీడియోల్లో ఎర్రటి పెద్ద పెద్ద అంకెలు చూసి మోసపోకండి. ఆ అంకెలు చాలావరకు కదలకుండా నిలబడ్డ బాస్ మీద పడినవే.

ఇంకో తిరకాసు ఉంది. ఇలాంటి ఆటల్లో రాక్షసుడు ఎవరు తనని ఎక్కువ బాధపెడుతున్నారో లెక్క పెట్టుకుంటాడు. ట్యాంక్ అనేవాడు ఆ లెక్కలో పైన ఉండి దెబ్బలన్నీ తన మీద వేయించుకుంటాడు. వార్‌క్రాఫ్ట్ పాత రూల్స్ ప్రకారం, ట్యాంక్ కన్నా పది శాతం దాటి కోపం తెప్పిస్తే చాలు, దగ్గరున్న కత్తివాడి మీదకి బాస్ తిరుగుతాడు. దూరంగా ఉన్నవాడికి ముప్పై శాతం దాకా వెసులుబాటు. అంటే నేల టికెట్ వాడికి దుమ్మూ ఎక్కువే, దెబ్బలూ ఎక్కువే. బాల్కనీ వాడు కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి రోజు సినిమా చూసినవాళ్లకి ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి ఇన్ని కష్టాలుంటే మెలీ ఎందుకు ఆడతారు? నేల టికెట్ ఎందుకు కొంటారో అందుకే! తెర మొత్తం మొహం మీద ఉంటుంది. కత్తి తగిలిన చప్పుడు, శత్రువు వెనక్కి తూలడం, చుట్టూ పదిమంది ఉంటే ఒక్క తిప్పుకి పదిమందీ పడిపోవడం, ఇవి నలభై గజాల అవతల ఉన్నవాడికి దొరకవు. మాయాబజార్‌లో ఘటోత్కచుడు గద తిప్పుతుంటే వచ్చే మజా వేరు, అంతే. దానికి వాదనలు అనవసరం.

మెలీలోనూ అందరూ ఒకటి కాదు. వాళ్ల చేతిలో ఖర్చు పెట్టుకునే శక్తి ఎలా వస్తుందో చూస్తే మనిషి స్వభావం తెలిసిపోతుంది. వార్‌క్రాఫ్ట్‌లో వారియర్‌కి ఉండేది కోపం. ఫైట్ మొదట్లో ఖాళీ. కొట్టినకొద్దీ, దెబ్బలు తిన్నకొద్దీ నిండుతుంది. అచ్చం మన భీముడే, ఊరికే కూర్చోబెడితే ఏమీ ఉండదు, రెచ్చగొడితే ఆగడు. మంత్రగాడిది రివర్స్: మొదట్లో నిండు కుండ, ఫైట్ సాగినకొద్దీ ఖాళీ. రోగ్ అనే దొంగ క్లాస్‌కి ఉండేది ఎనర్జీ. కొట్టినా కొట్టకపోయినా అది సమంగా నిండుతూనే ఉంటుంది. అందుకే రోగ్ ఓపిక గలవాడి ఆట: దాక్కో, వెనక నుంచి రా, పాయింట్లు పోగేయ్, సమయం చూసి పొడువు. పాలడిన్ అంటే కత్తి, డాలుతో పాటు కాస్త భక్తి కూడా. దెబ్బ తగిలితే తనే మందు రాసుకుంటాడు, మరీ ప్రాణం మీదకొస్తే కాసేపు ఏమీ అంటకుండా బుడగలో కూర్చుంటాడు. మిగతావాళ్లంతా చచ్చి పడున్నప్పుడు బుడగలోంచి ఇంటికి జారుకునే పాలడిన్ల మీద ఉన్నన్ని జోకులు ఇంకెవరి మీదా లేవు. 2005లో ప్రపంచమంతా తిరిగిన లీరాయ్ జెంకిన్స్ వీడియో గుర్తుందా? జట్టంతా ప్లాన్ వేసుకుంటుంటే తన పేరు తనే అరుచుకుంటూ లోపలికి దూకేసి అందర్నీ చంపించినవాడు. అతనూ పాలడినే. (అది ముందే అనుకుని తీసిన వీడియో అంటారు. అయినా ప్రతి జట్టులోనూ ఒక లీరాయ్ ఉంటాడు. మీ నలుగురిలో ఎవరో ఈపాటికి మీకే తెలిసి ఉంటుంది.)

మన దేశంలో ఈ గొడవ ఫోన్లతో మొదలవలేదు. 2000ల మధ్యలో లెవెల్ అప్ అనే కంపెనీ కొరియా ఆట రాగ్నరాక్ ఆన్‌లైన్‌ని ఇండియాలో నడిపింది. ఇంటర్నెట్ కేఫ్‌లో గంటకింతని కట్టి ఆడే రోజులు. అందులో అందరూ నావీస్‌గానే పుడతారు. జాబ్ లెవెల్ పది దాకా చేతిలో చిన్న కత్తి, ఒంటి మీద పాత చొక్కా. ఆ తర్వాతే స్వార్డ్‌మన్, థీఫ్, ఆర్చర్, మేజ్, అకోలైట్, మర్చంట్ అనే ఆరు దార్లలో ఒకటి. స్వార్డ్‌మన్ ఇంకా ముందుకెళ్తే నైట్ లేదా క్రూసేడర్ అవుతాడు. అసలు తగాదా అక్కడ మొదలయ్యేది, నైట్ దగ్గర. చురుకుదనం మీద పాయింట్లు పెట్టాలా, ఒంటి గట్టిదనం మీద పెట్టాలా? చురుకైన నైట్ దెబ్బ తగలకుండా తప్పించుకుంటాడు, మందుల ఖర్చు తక్కువ, ఒంటరిగా ఆడేవాడికి హాయి. కాకపోతే ఆ తప్పించుకోవడంలో ఒక కిటుకు పెట్టారు. చుట్టూ ముట్టినవాళ్లు ఇద్దరు దాటితే, పైన చేరే ఒక్కొక్కరికీ అది పది శాతం చొప్పున తగ్గిపోతుంది. ఒకడితో అయితే రాజు, ఏడుగురు చుట్టుముడితే బూజు. గట్టి నైట్‌కి ఆ బెంగ లేదు, గుంపుని మీదేసుకుని నిలబడతాడు. కానీ వెనక వైద్యం చేసే ఫ్రెండ్ ఉండాలి, లేదా జేబు నిండా మందు సీసాలుండాలి.

అదే మెలీ ఎంపికలో అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. కత్తా, గొడ్డలా, పిడికిలా అన్నది కాదు. మీరు ఒంటరిగా ఆడతారా, జట్టుతో ఆడతారా? జట్టంటే రోజూ వచ్చే జట్టా, బుద్ధి పుట్టినప్పుడు వచ్చే జట్టా? పద్మవ్యూహంలోకి దూరిన అభిమన్యుడి కత్తిలో లోపమేమీ లేదు. వెనక వస్తామన్న నలుగురినీ సైంధవుడు బయటే ఆపేశాడు. నేటి గేమర్ల భాషలో చెప్పాలంటే ముందుండేవాడు లోపలికెళ్లాడు, హీలరూ మిగతా జట్టూ గేటు దగ్గర ఇరుక్కుపోయారు. వైఫై పోయి వెనకాల ముగ్గురూ ఒకేసారి మాయమైన రాత్రి ఏ మెలీ ఆటగాడికైనా అభిమన్యుడి బాధ అర్థమవుతుంది.

వైఫై మాటొచ్చింది కాబట్టి పింగ్ దగ్గర కాసేపు ఆగుదాం. మెలీవాళ్లకి ఇది మిగతావాళ్ల కన్నా ఎక్కువ ముఖ్యం, ఎవరూ చెప్పరు. ఫైబర్ కేబుల్లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ దాదాపు 3,300 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి, ఏ అడ్డంకీ లేకపోయినా 33 మిల్లీసెకన్లు పడుతుంది. అమెరికా పశ్చిమ తీరం సుమారు 14 వేల కిలోమీటర్లు, వెళ్లి రావడానికి 140 మిల్లీసెకన్లు. ఇది భౌతికశాస్త్రం పెట్టిన కనీస చార్జీ. కేబుల్ తిన్నగా ఉండదు, మధ్యలో రౌటర్లుంటాయి, హాస్టల్లో ఒకే కనెక్షన్ మీద అంతస్తు అంతస్తంతా రీల్స్ చూస్తుంటుంది. కాబట్టి అసలు అంకె దీనికన్నా ఎప్పుడూ ఎక్కువే.

దూరం నుంచి కొట్టేవాడికి ఈ ఆలస్యం పెద్దగా తెలియదు. శత్రువు రెండడుగులు అటూ ఇటూ అయినా నలభై గజాల లోపే ఉంటాడు. కత్తివాడి సంగతి అలా కాదు. మీ తెర మీద శత్రువు మీ ముందే ఉంటాడు, సర్వర్ లెక్కలో రెండడుగులు దాటిపోయి ఉంటాడు. మీరు కొడతారు, 'దూరంగా ఉంది' అని వస్తుంది. మీ తెర మీద మంటల్లోంచి బయటికొచ్చేసి ఉంటారు, సర్వర్ లెక్కలో ఇంకా లోపలే ఉంటారు, అంతే సంగతులు. ఫైనల్ ఫాంటసీ 14లో డ్రగూన్ అనే ఈటెవాడు గాల్లోకి ఎగిరి దూకుతాడు, చూడ్డానికి ఎంతో అందం. దూకుతున్నంతసేపూ పక్కకి జరగలేక చచ్చిపోతుంటాడని అతనికి 'నేల ట్యాంక్' అని పేరు పెట్టారు, ఎప్పుడు చూసినా నేల మీదే పడి ఉంటాడు కాబట్టి.

అన్ని ఆటలూ పింగ్ విషయంలో ఇంత కఠినం కాదు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ 2018 అక్టోబర్ నుంచి ఫోన్లలో ఉంది. దాని గడియారం 0.6 సెకనుకి ఒకసారి మాత్రమే టిక్‌మంటుంది. ప్రతి కదలికా, ప్రతి దెబ్బా ఆ టిక్కుల్లోనే. కాబట్టి పింగ్ కాస్త అటూ ఇటూ అయినా మునిగేదేమీ లేదు. అందులో క్లాసులు లేవు, కత్తి పట్టుకుంటే కత్తివాడు, విల్లు పట్టుకుంటే విలుకాడు. కాకపోతే ఆ ఆట టైం తినేస్తుంది. ఏ నైపుణ్యంలోనైనా పెద్ద మెట్టు 99. ఆ దారిలో సగం ఎక్కడుందో తెలుసా? యాభై దగ్గర కాదు, 92 దగ్గర. 92 చేరాక కూడా అప్పటిదాకా పడ్డంత కష్టం ఇంకా మిగిలే ఉంటుంది. ప్రిలిమ్స్ ముందున్నవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఆల్బియన్ ఆన్‌లైన్ ఇంకో దారి. 2021 జూన్ నుంచి ఫోన్లలోనూ ఆడొచ్చు, 2023 మార్చిలో ఆసియా సర్వర్ వచ్చాక మనకి పింగ్ బాధ తగ్గింది. అక్కడా క్లాస్ ఉండదు, ఒంటి మీద ఏం వేసుకుంటే అదే మీరు. పొద్దున కత్తి, సాయంత్రం సుత్తి, అడిగేవాడు లేడు. కానీ ఎర్ర జోన్లు, నల్ల జోన్లలో చస్తే ఒంటి మీదున్న సామానంతా పోతుంది. దగ్గరికెళ్లి కొట్టేవాడు వెనక్కి పారిపోవడం కష్టం, అది గుర్తుంచుకుని వెళ్లండి.

ఇప్పుడు తమ్ముడి ఫ్రెండ్స్ మాటకి వద్దాం. 'ముందు నిలబడేవాడు ఒకడుండాలి' అన్నది వార్‌క్రాఫ్ట్ లాంటి ఆటల నుంచి అరువు తెచ్చుకున్న మాట. అక్కడ ట్యాంక్, హీలర్, కొట్టేవాళ్లు అని పని పంచుకోవాలి, ట్యాంక్ లేకపోతే డంజన్ తలుపు దగ్గరే ఆగిపోతారు. డయాబ్లో ఇమ్మోర్టల్‌లో అంత కచ్చితమైన పని పంపకం లేదు. ఎవడి మందు సీసాలు వాడి దగ్గర, ఎవడి ప్రాణం వాడి చేతిలో. నలుగురూ విజార్డులైనా మామూలు డంజన్లు దాటేస్తారు. కాబట్టి తమ్ముడూ, నీకు మెలీ ఇష్టం లేకపోతే ఆ మాట ఈ రాత్రే చెప్పెయ్. వాళ్లకి ట్యాంక్ అవసరమై అడగలేదు, మిగిలినది నీకిచ్చారు. రూములో మంచాలు పంచుకున్నప్పుడు తలుపు పక్క మంచం ఎవరికొచ్చిందో ఒకసారి గుర్తు చేసుకో. రెండుసార్లూ మొహమాటపడ్డది ఒకడే అయితే, అది ఆటతో తేలే విషయం కాదు.

ఈ మొహమాటం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ముందుండేవాడికి దారి తెలియాలి, ఏ బాస్ ఎప్పుడు ఏం చేస్తాడో తెలియాలి. జట్టు చచ్చిపోతే మొదటి తిట్టు అతనికే. మధ్యలో ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేస్తే విజార్డ్ పక్కకెళ్లి మాట్లాడి రావచ్చు, ముందున్నవాడికి కుదరదు. పగలంతా పాలిటీ, ఎకానమీ బట్టీ పట్టి రాత్రి ఉన్న ఒక్క గంటా ఇంకో పరీక్షలా అయిపోతే ఎందుకు ఆడటం? ఇష్టపడి ముందు నిలబడేవాళ్లున్నారు, వాళ్లకి అందులోనే మజా. వాళ్లలో నువ్వొకడివో కాదో నీకే తెలుస్తుంది. క్లాస్‌లో లెక్చరర్ బోర్డు దగ్గరికి పిలిస్తే లేచేవాడివా, వెనక బెంచీ కింద తల దాచుకునేవాడివా? రెండూ తప్పు కాదు.

ఇష్టమే అంటావా, సరే అయితే. డయాబ్లో ఇమ్మోర్టల్ 2022 జూన్‌లో వచ్చినప్పుడు ఉన్న ఆరు క్లాసుల్లో మూడు మెలీ: బార్బేరియన్, క్రూసేడర్, మాంక్. తర్వాత 2023లో బ్లడ్ నైట్, 2024లో టెంపెస్ట్ చేరాయి. ఇక్కడ కోపం, ఎనర్జీ లాంటి గిన్నెలేమీ లేవు. స్కిల్ వాడితే కొన్ని సెకన్లు ఆగాలి, అంతే. ఫోన్లో బొటనవేళ్లతో ఆడేవాడికి అది మంచిదే. ఇంకో మంచి సంగతి, విజార్డ్ చాలా స్కిల్స్‌ని వేలితో లాగి గురిపెట్టాలి. ఆ వేలే సగం తెరని మూసేస్తుంది. మెలీలో చాలా దెబ్బలు చుట్టూ తగిలేవే, గురి తప్పినా నష్టం తక్కువ. పాత ఫోన్, చిన్న తెర ఉన్నవాళ్లు ఈ ఒక్క కారణానికే మెలీ వైపు రావొచ్చు.

బార్బేరియన్ సూటి మనిషి. వర్ల్‌విండ్ నొక్కి పట్టుకుంటే బొంగరంలా తిరుగుతూ గుంపులోంచి వెళ్లిపోతాడు. ఎవరితో పనిలేదు. ఫ్రెండ్స్ రాని రోజు ఒంటరిగా ఆడటానికి ఇంతకన్నా సుఖమైనది లేదు. నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, అది కొందరికి వరం, కొందరికి రెండు వారాల్లో బోర్. మాంక్ పిడికిళ్లవాడు, వేగం ఎక్కువ, ఫ్రెండ్స్‌కి రక్షణగా నేల మీద వలయం గీయగలడు. చేతి వేగం ఉన్నవాళ్లకి బాగుంటుంది. పది దాటాక నిద్ర కళ్లతో ఆడేవాడికి నేను చెప్పను. బ్లడ్ నైట్ సగం దగ్గర సగం దూరం, పొడవాటి ఈటె, రక్త పిశాచాల వేషం. చూడ్డానికి స్టైలు. కానీ మొదటి మెలీగా ఎంచుకుంటే అటూ ఇటూ కాకుండా పోయే ప్రమాదం ఉంది.

నీకు నేను చెప్పేది క్రూసేడర్. ఎందుకంటే మొదట్లో చెప్పిన దూరం లెక్కకి ఈ ఆటలో మంచి జవాబు అతని దగ్గరుంది: గుర్రం. ఎక్కి గొలుసులతో శత్రువుల్ని ఈడ్చుకుంటూ పోతాడు, డ్రా అండ్ క్వార్టర్ అని దాని పేరు. పరుగూ కొట్టడమూ ఒకేసారి జరిగిపోతాయి, అప్‌టైమ్ పోదు. దూరంగా చెల్లాచెదురుగా ఉన్న గుంపుని ఒకచోట చేరిస్తే నీ విజార్డ్, నెక్రోమ్యాన్సర్ ఒక్క దెబ్బకి ఊడ్చేస్తారు. అంటే నువ్వు ట్యాంక్ కాకుండానే జట్టుకి అవసరమైనవాడివవుతావు. కాంజురేషన్ ఆఫ్ లైట్ అనే ఇంకో స్కిల్ ఉంది, పక్కనున్న ఫ్రెండ్స్‌కి కొద్ది సెకన్లు దెబ్బ తగలకుండా కాపాడుతుంది. బాస్ పెద్ద దెబ్బ ఎత్తినప్పుడు సరిగ్గా అది నొక్కితే ఆ రాత్రి హీరోవి నువ్వే. నొక్కకపోయినా ఎవరూ గమనించరు, ఎందుకంటే అది నీ డ్యూటీ అని ఎవరికీ తెలియదు. ముందు వరసలో ఉంటూ తిట్లు తినని సీటు ఇదొక్కటే.

ఎంపిక తప్పితే ఎలా అన్న భయానికి ఒక ఊరట. ఈ ఆటలో క్యారెక్టర్‌ని పారేయకుండా క్లాస్ మార్చుకునే వీలుంది. మార్చాక మళ్లీ మార్చాలంటే కొన్ని రోజులు ఆగాలి, కొత్త క్లాస్‌కి తగ్గ ఆయుధాలు మళ్లీ పోగేసుకోవాలి. శ్రమ ఉంటుంది, కానీ మొదట్నుంచి కాదు. రాగ్నరాక్ రోజుల్లో ఒక పాయింట్ తప్పు చోట పెట్టి మామూలుగా వెనక్కి తీసుకోలేక కూర్చున్నవాళ్లు ఇది చూస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

ఇక డబ్బు. ఇది చెప్పకుండా ఈ ఆట గురించి రాయడం సరికాదు. డౌన్‌లోడ్ ఫ్రీ. కథంతా ఫ్రీగానే పూర్తవుతుంది. కానీ పైపైకి వెళ్లాలంటే లెజెండరీ జెమ్స్ కావాలి, వాటిని త్వరగా సంపాదించే దారి డబ్బు పెట్టి అదృష్టం పరీక్షించుకోవడం. ఈ రకం లాటరీ పెట్టెల మీద ఉన్న చట్టాల వల్లే బెల్జియం, నెదర్లాండ్స్‌లో ఈ ఆటని విడుదలే చేయలేదు. మెలీవాళ్లకి ఈ ఉచ్చు ఇంకాస్త దగ్గర. దూరం ఉన్నవాడికి దూరమే కవచం. దెబ్బలు తినేవాడికి కవచమంటే సామానే. మనుషులతో మనుషులు తలపడే బ్యాటిల్‌గ్రౌండ్స్‌లో డబ్బు పోసినవాడు ఎదురైతే నీ క్రూసేడర్ మూడు సెకన్లు నిలవకపోవచ్చు. అది నీ చేతగానితనం కాదు, వాడి కార్డు. ఆ మోడ్ జోలికెళ్లకుండా నలుగురూ కలిసి డంజన్లు ఆడుకుంటే పైసా పెట్టక్కర్లేదు. ఫోన్లో యూపీఐ లింక్ ఉంటే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ పెట్టుకో. ఇంటి నుంచి వచ్చే డబ్బుల్లో మెస్ బిల్లు, అశోక్ నగర్‌లో కొనే మెటీరియల్, జిరాక్సులు పోను ఏం మిగులుతుందో నాకు చెప్పక్కర్లేదు.

గంట సంగతి కూడా. ఈ ఆటల్లో రోజువారీ పనులు, ఫలానా టైముకే జరిగే ఈవెంట్లు, క్లాన్ పిలుపులు ఉంటాయి. అన్నీ ఆ గంటని గంటన్నర చేయడానికే పెట్టారు. పెద్ద క్లాన్‌లో చేరకు. నలుగురే క్లాన్. డంజన్ మొదలుపెట్టేముందు టైం చూసుకో, పావు తక్కువ పదకొండు దాటాక కొత్తది మొదలెట్టొద్దని నలుగురూ ముందే ఒప్పందం చేసుకోండి. క్రూసేడర్‌గా గుర్రం మీద ముందుండేది నువ్వే కాబట్టి, నువ్వు కదలకపోతే వాళ్లూ కదలరు. ముందుండేవాడికి ఉన్న ఒకే ఒక్క అధికారం అది, వాడుకో.

ఇంకో చిన్న పని మిగిలింది. ఈ రాత్రి హాస్టల్ వైఫై మీద ఒకసారి, మొబైల్ డేటా మీద ఒకసారి ఒకే డంజన్ ఆడి చూడు. గుర్రం దిగిన చోటే దిగుతోందా, రెండడుగులు వెనక్కి లాగుతోందా గమనించు. వైఫైలో లాగుతుంటే ఆ గంట డేటా మీదే ఆడు. రెండిట్లోనూ లాగుతుంటే మాత్రం మెలీ మాట మర్చిపో, డీమన్ హంటర్ తీసుకున్నవాడితో సీటు మార్చుకో. అతని ఫోన్ కొత్తది అయ్యుంటుందని నా అనుమానం.